ముందు సెక్షన్ గీయండి, ఆకారం తర్వాత: సమకాలీన కళా మ్యూజియం డిజైన్ గురించి

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. బి.ఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చివరి ఏడాది థీసిస్ కోసం విశాఖ సముద్రతీరంలో సమకాలీన కళా మ్యూజియం డిజైన్ చేస్తున్నారు. చూడగానే గుర్తుండిపోయే ఆకారం కావాలని మీ గైడ్ అంటున్నారు. అల లాంటి పైకప్పు గీశాక గ్యాలరీలు అందులో ఇమడడం లేదు. ఈ చివరిదానితోనే మొదలుపెడతాను. బయటి రూపం ముందు ఖాయం చేసుకుని గదులను తర్వాత అందులోకి నెడితే ఎవరికీ ఇమడవు. మ్యూజియం పని సెక్షన్‌తో, అంటే భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగుతో మొదలవ్వాలి. ఒక గది, దాని గోడ, దాని పైకప్పు, అందులోంచి దిగే వెలుతురు: ముందు ఇవి తేల్చండి. ప్లాన్, అంటే పైనుంచి చూసినట్టు గదుల అమరిక చూపే డ్రాయింగు, దాని వెనక వస్తుంది. ఎలివేషన్, అంటే బయటి ముఖం, అన్నిటికన్నా చివర వస్తుంది.

'మరి స్పెయిన్‌లోని బిల్బావో?' అంటారు. విద్యార్థుల డిజైన్లను పరీక్షించే ప్రతి జ్యూరీలోనూ ఎవరో ఒకరు అంటారు. ఆర్కిటెక్టు ఫ్రాంక్ గెరీ డిజైన్ చేయగా 1997లో అక్కడ తెరిచిన గుగెన్‌హైమ్ మ్యూజియం ఫొటోల్లో టైటానియం వంపులే కనిపిస్తాయి. ప్లాన్ తీసి చూడండి. అక్కడి గ్యాలరీల్లో దాదాపు సగం మామూలు దీర్ఘచతురస్రాలు. వాటికి బయట రాతి పలకలు తొడిగారు, వంపు గదులకు టైటానియం తొడిగారు. అంటే ఏ గది ఎలాంటిదో బయటి తొడుగే చెబుతుంది. గెరీ ఆకారం కోసం గదులను బలిపెట్టలేదు. సుమారు 130 మీటర్ల పొడవున్న పెద్ద హాలు విషయం వేరు. అంత పొడవు గదిని మామూలు చిత్రాలతో నింపడం ఎవరి తరమూ కాదు. 2005లో శిల్పి రిచర్డ్ సెర్రా వెయ్యి టన్నులకు పైగా బరువున్న ఉక్కు శిల్పాల వరుసను ఆ హాలు కోసమే చేశాక దానికి న్యాయం జరిగింది. అంత బరువు మోసే నేల ఉండబట్టే ఆ పని సాధ్యమైంది. ఫొటోలో కనిపించని విషయం అది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఊరు మారడానికి భవనం ఒక్కటే కారణం కాదు. మ్యూజియానికి రెండేళ్ల ముందే మెట్రో వచ్చింది, నదీతీరం మొత్తాన్ని శుభ్రం చేసి కొత్తగా కట్టారు. 'బిల్బావో లాంటిది కావాలి' అనేవాళ్లు ఈ ఖర్చు సంగతి ఎత్తరు.

ఆకారం గదిని మింగేసిన ఉదాహరణ కావాలంటే న్యూయార్క్‌లోని గుగెన్‌హైమ్ చూడండి. ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసిన ఆ సర్పిలాకారపు ర్యాంపు 1959లో తెరుచుకుంది. అందులో నేల ఏటవాలు, గోడలు బయటికి వాలి ఉంటాయి, చిత్రం నిటారుగా నిలబడదు. భవనం పూర్తికాకముందే, 1956లో, 21 మంది చిత్రకారులు తమ బొమ్మలకు అది తగిన చోటు కాదని ఉత్తరం రాశారు. వాళ్లలో డి కూనింగ్, మదర్‌వెల్ కూడా ఉన్నారు. ఆ భవనం గొప్పదే, నాకూ ఇష్టమే. కానీ రైట్ స్థాయి ఉన్నవాడికే ఆ తగువు తప్పలేదు. మీరూ నేనూ దాన్ని కోరి తెచ్చుకోనక్కర్లేదు.

ఇప్పుడు నేను మీతో బాగా చదివించాలనుకునే భవనానికి వస్తాను. అది జపాన్‌లోని కనజావా నగరంలో 2004 అక్టోబరులో తెరిచిన 21వ శతాబ్ది సమకాలీన కళా మ్యూజియం. కజుయో సెజిమా, ర్యూయే నిషిజావా కలిసి నడిపే సానా సంస్థ దీన్ని రూపొందించింది. ప్లాన్ చూస్తే చిన్నపిల్లలు గీసినట్టుంటుంది: 112.5 మీటర్ల వ్యాసమున్న ఒక గాజు వృత్తం, లోపల ఎడంగా పెట్టిన తెల్లని పెట్టెలు. కానీ ఆ 'ఎడంగా' అన్న మాటలోనే అసలు తెలివి ఉంది.

మామూలు మ్యూజియంలో గదులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మూడో గదిలో కొత్త ప్రదర్శన అమరుస్తుంటే నాలుగో గదికి దారి మూతపడుతుంది. సమకాలీన కళలో ఇది రోజూ ఎదురయ్యే బాధ. బొమ్మను మేకుకి తగిలించి వెళ్లిపోవడం కాదు, వారాల తరబడి గదిలోనే కృతిని కడతారు. కనజావాలో ఏ గ్యాలరీ కూడా మరో గ్యాలరీని ఆనుకోదు, చుట్టూ నడవాలే. ఒక గదిని మూసినా మిగతావి నడుస్తాయి. ఆరు గదులు కలిపి ఒక ప్రదర్శన చేయవచ్చు, రెండు గదులతో మరొకటి చేయవచ్చు. సందర్శకుడికి ఒకే దారి అంటూ లేదు. పైగా నడవాలు తిన్నగా సాగుతాయి కాబట్టి భవనం మధ్యలో నిలబడినా బయటి పచ్చిక కనిపిస్తుంది. దారి తప్పామన్న బెంగ ఉండదు.

రెండో తెలివి గదుల ఎత్తుల్లో ఉంది. పైకప్పు ఒక చోట 4 మీటర్లు, ఇంకో చోట 12 మీటర్లు. గదుల నిష్పత్తులు కూడా ఒకే తీరుగా ఉండవు. ఇక్కడే 'ఫ్లెక్సిబిలిటీ' అనే మాట గురించి మీ థీసిస్ రిపోర్టులో రాసింది తిరిగి ఆలోచించమంటాను. కావలసినట్టు మార్చుకోగల ఒకే పెద్ద హాలు, జరిపే గోడలు అని రాశారు. పారిస్‌లోని పాంపిడూ సెంటర్ 1977లో సరిగ్గా ఆ ఆశతోనే కట్టారు. రెంజో పియానో, రిచర్డ్ రోజర్స్ 48 మీటర్ల వెడల్పున ఒక్క స్తంభం కూడా లేని అంతస్తులు ఇచ్చారు. పదేళ్లు కూడా గడవకముందే, 1985లో, ఆర్కిటెక్టు గాయే అవులెంతి వచ్చి మ్యూజియం అంతస్తుల్లో మామూలు గోడలతో మామూలు గదులు కట్టవలసి వచ్చింది. అంతులేని ఖాళీలో చిన్న చిత్రం దిక్కులేనిదైపోతుంది. జరిపే గోడకు పైన సందు, కింద సందు, మీద వేలాడే బరువుకు పరిమితి ఉంటాయి. పైగా ఆర్నెల్ల తర్వాత దాన్ని ఎవరూ జరపరు. కళాకారులు అడిగేది ఎలాగైనా మారే గదిని కాదు. ఎన్నుకోవడానికి రకరకాల గదులుండాలి, ఒక్కొక్కదానికి గట్టి స్వభావం ఉండాలి. కనజావా ఇచ్చింది అదే.

మూడోది, మీ సముద్రతీర స్థలానికి నేరుగా పనికొచ్చేది: టికెట్ గీత ఎక్కడ గీయాలి? అక్కడ వృత్తం అంచు వెంబడి గ్రంథాలయం, పిల్లల కార్యశాల, ఉపన్యాస మందిరం, కేఫ్ ఉన్నాయి. వాటికి టికెట్ లేదు. భవనానికి ముందు వెనక అనేవి లేవు, నాలుగు వైపుల నుంచీ జనం లోపలికి వస్తారు. టికెట్ లోపలి పెట్టెల దగ్గర మొదలవుతుంది. లియాండ్రో ఎర్లిచ్ చేసిన 'ఈతకొలను' అనే కృతిని పైనుంచి ఎవరైనా ఊరికే చూడవచ్చు. గాజు మీద పలచని నీటి పొర, దాని కింద పొడి గదిలో తిరుగుతున్న మనుషులు. కింద గదిలోకి దిగాలంటే టికెట్ కొనాలి. అది భవనంతో పాటే కట్టిన కృతి. జేమ్స్ టరెల్, అనీశ్ కపూర్‌ల గదులు కూడా అంతే. డిజైన్ దశ నుంచే ప్రదర్శనలను ఎంచి కూర్చే క్యూరేటర్ యూకో హసెగావా ఆర్కిటెక్టులతో కలిసి పనిచేశారు. మీకు క్యూరేటర్ లేరు కాబట్టి ముగ్గురు నిజమైన కళాకారుల కృతులను ఎంచుకుని, ఫలానా కృతి ఫలానా గదిలో అని రాసుకోండి. 'గ్యాలరీ-1, 300 చదరపు మీటర్లు' అని రాసుకుంటే గది రాదు, విస్తీర్ణం మాత్రమే వస్తుంది.

అదే భవనం 2024 జనవరి 1న నోటో భూకంపంలో దెబ్బతింది. గ్యాలరీల గాజు సీలింగు పలకలు కొన్ని ఊడి కిందపడ్డాయి. టికెట్ ప్రాంతాన్ని నెలల తరబడి మూసి, జూన్‌లో తిరిగి తెరిచారు. మ్యూజియంలో అందరూ గోడల గురించి మాట్లాడతారు, ప్రమాదం మాత్రం తల మీద ఉంటుంది. వెలుతురును పలచబరిచే గాజు, దాని వెనక దీపాలు, డక్టులు, వాటిని శుభ్రం చేసే మనిషి నడిచే దారి, ఇవన్నీ పైనే వేలాడుతుంటాయి. మీ డ్రాయింగులో సీలింగు ఒక గీత. సెక్షన్‌లో దానికి కనీసం ఒక మనిషి ఎత్తు ఇవ్వండి.

వెలుతురు దగ్గరికి వచ్చాం కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. మన ఊళ్ల డిజైన్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

పుస్తకాల్లో కనిపించే గొప్ప ఉదాహరణ ఆస్ట్రియాలో కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డున పీటర్ జుమ్‌థోర్ 1997లో పూర్తిచేసిన బ్రెగెంజ్ కళాభవనం. 712 గాజు పలకలు, అన్నీ ఒకే కొలత, చేప పొలుసుల్లా ఒకదాని పక్కన ఒకటి. ఏ పలకకూ రంధ్రం వేయలేదు, కొక్కేల మీద ఊరికే కూర్చుంటాయి. అసలు విశేషం సెక్షన్‌లో ఉంది. బహుళ అంతస్తుల భవనంలో పైకప్పు వెలుతురు పై అంతస్తుకే దొరుకుతుంది. జుమ్‌థోర్ ఏం చేశాడంటే, ప్రతి గ్యాలరీ గాజు సీలింగుకూ దాని మీది స్లాబుకూ మధ్య ఎత్తయిన ఖాళీ వదిలాడు. పక్కనుంచి వచ్చే వెలుతురు నాలుగు వైపుల నుంచీ ఆ ఖాళీలోకి దూరి, గాజు మీదుగా కిందికి దిగుతుంది. అలా పై మూడు అంతస్తులకూ తల మీద ఆకాశం ఉన్నట్టే ఉంటుంది. బయట మబ్బు కమ్మితే లోపల తెలుస్తుంది. భవనాన్ని వెచ్చగా, చల్లగా ఉంచే నీటి గొట్టాలు కాంక్రీటులోనే ఉన్నాయి కాబట్టి గోడల మీద ఏసీ జాలీలు కనిపించవు. కేఫ్, ఆఫీసు పక్కనే వేరే చిన్న భవనంలో పెట్టాడు. వంట వాసన చిత్రాల దగ్గరికి రాదు.

దీన్ని చదవండి, కానీ విశాఖలో అచ్చు వేయకండి. కారణం అక్షాంశం. యూరప్, అమెరికా మ్యూజియంలలో ఉత్తరం వైపు తెరిచిన స్కైలైట్ సురక్షితం. హ్యూస్టన్‌లో పియానో 1987లో చేసిన మెనిల్ మ్యూజియం పైకప్పు రెక్కలు చూసే ఉంటారు. ఆ ఊళ్లో ఏడాది పొడవునా మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణానే ఉంటాడు. విశాఖ దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి వెళ్తాడు. జూన్ 21న నడినెత్తికి ఉత్తరంగా సుమారు 6 డిగ్రీలు ఉంటాడు. హైదరాబాదులో కూడా ఇంచుమించు ఇంతే. అంటే పుస్తకంలో చూసి గీసిన ఉత్తరపు స్కైలైట్ గుండా సరిగ్గా మండు వేసవిలో ఎండ నేరుగా గోడ మీద పడుతుంది.

భయపడనక్కర్లేదు, లెక్క తేలికే. నిటారు గాజుకు మీటరు ఎత్తుకు పది సెంటీమీటర్ల చూరు ఇస్తే ఆ మధ్యాహ్నపు ఎండ ఆగిపోతుంది. కష్టం ఉదయం, సాయంత్రాలతో. జూన్‌లో సూర్యుడు తూర్పుకు సుమారు 25 డిగ్రీలు ఉత్తరంగా ఉదయిస్తాడు, అస్తమయం కూడా అంతే. ఆ వాలు ఎండను చూరు ఆపలేదు, నిలువు రెక్కలు కావాలి. మీ అల పైకప్పులో సముద్రం వైపు తెరిచిన పొడుగాటి గాజు ఉంది చూడండి, ఉదయం రెండు మూడు గంటలపాటు ఆ గదిలో ఏ కృతినీ పెట్టలేరు.

ఎందుకు పెట్టలేరో అంకెల్లో చెబుతాను. కాగితం, బట్ట, నీటిరంగుల చిత్రాలకు 50 లక్స్‌కు (వెలుతురును కొలిచే ప్రమాణం) మించి వెలుతురు పడకూడదంటారు. తైలవర్ణ చిత్రాలకు 150 నుంచి 200. నడి ఎండ లక్ష లక్స్ ఉంటుంది. లక్షను రెండు వందలకు దించాలంటే వెలుతురు కనీసం రెండు మూడు సార్లు తెల్లని ఉపరితలాలకు తగిలి రావాలి, ఆపైన వడపోతలు. అంటే మన దగ్గర స్కైలైట్ అనేది కిటికీ కాదు, లోతున్న ఒక చిన్న గది. ఆ లోతు మీ సెక్షన్‌కు రెండు మూడు మీటర్ల ఎత్తు కలుపుతుంది. అల కింద గ్యాలరీలు ఇమడకపోవడానికి అసలు కారణం ఇదే అయ్యుంటుంది.

ఈ విషయంలో మీరు జపాన్ దాకా వెళ్లక్కర్లేదు. రైలెక్కి భోపాల్ వెళ్లండి. చార్లెస్ కొర్రియా 1982లో పూర్తిచేసిన భారత్ భవన్ అక్కడి పెద్ద చెరువు ఒడ్డున కొండవాలులో దాగి ఉంటుంది. రోడ్డు మీంచి భవనం దాదాపు కనిపించదు. మెట్లు దిగుతూ ఒక ముంగిలి, మరో ముంగిలి దాటుకుంటూ వెళ్తే పక్కన గ్యాలరీలు. వెలుతురు పైనుంచి కాంక్రీటు గొట్టాల్లాంటి నిర్మాణాల గుండా దిగుతుంది. ఆధునిక చిత్రకళనూ ఆదివాసీ కళనూ ఒకే కప్పు కింద పెట్టిన చోటు అది. అక్కడ నిర్వహణ అంతా బాగుందని చెప్పను, తేమ మరకలు చూస్తారు. అవి కూడా ఫొటో తీసుకోండి, స్లాబు మీద నీరు ఎటు పోవాలో నేర్పుతాయి.

తేమ గురించి చిన్నగా. పెద్ద మ్యూజియంలు ఇప్పుడు ఒప్పుకుంటున్న హద్దులు 16 నుంచి 25 డిగ్రీల సెల్సియస్, 40 నుంచి 60 శాతం తేమ. విశాఖ గాలి ఏడాదిలో చాలా భాగం ఆ హద్దు దాటే ఉంటుంది. భవనం మొత్తాన్ని ఆ హద్దుల్లో ఉంచాలంటే కరెంటు బిల్లే మ్యూజియాన్ని మూయిస్తుంది. కాబట్టి భవనాన్ని మూడుగా విడదీయండి. ఉక్కు, రాయి, మట్టి కృతులకు గాలి ఆడే నీడ చాలు. వీడియో, ధ్వని కృతులకు మామూలు ఏసీ గది చాలు. కాగితం, కాన్వాసు, ఇతర మ్యూజియంల నుంచి అరువు తెచ్చినవాటికి మాత్రమే గట్టిగా మూసిన గది. 2012 నుంచి కొచ్చి బినాలే (రెండేళ్లకోసారి జరిపే కళాప్రదర్శన) ఆస్పిన్‌వాల్ హౌస్ లాంటి పాత గిడ్డంగుల్లో సాగుతోంది కదా, సముద్రపు గాలిలోనే. ఎంత కళకు ఏసీ అక్కర్లేదో అక్కడ చూడవచ్చు. మూసిన గదిని భవనం నడుమ పెట్టి, చుట్టూ ఏసీ గదులు, వాటి చుట్టూ వసారాలు పెడితే బయటి గాలికీ లోపలి గదికీ మధ్య పొరలు వాటంతటవే ఏర్పడతాయి.

ఇక థీసిస్‌లలో ఎవరూ గీయనిది: కళ లోపలికి వచ్చే దారి. మీ సైట్ ప్లాన్‌లో సందర్శకుల బాణాలు ఎర్రగా, అందంగా ఉన్నాయి. లారీ ఎక్కడ ఆగుతుంది? వానలో చెక్కపెట్టె దించడానికి కప్పు ఉందా? దించాక అది తెరవకుండా ఒక రోజైనా లోపలి వాతావరణానికి అలవాటు పడాలి, ఆ గది ఏది? అక్కడి నుంచి గ్యాలరీ దాకా ఏ మలుపులో, ఏ తలుపులో, ఏ లిఫ్టులో ఇరుక్కుంటుంది? కోట్లు పోసి కట్టిన ఒక కొత్త గ్యాలరీలో సరుకు లిఫ్టు కృతి కన్నా పొట్టిగా ఉండి, కాన్వాసును ఫ్రేము నుంచి ఊడదీసి చుట్టచుట్టి పైకి మోయించడం నేను కళ్లారా చూశాను. చిత్రకారుడి ముఖం చూడలేకపోయాను. మీ అతిపెద్ద కృతిని 4 మీటర్ల ఎత్తు, 6 మీటర్ల పొడవు పెట్టెగా అనుకుని, ప్లాన్ మీద దాన్ని కాగితపు ముక్కగా కత్తిరించి, లారీ నుంచి గోడ దాకా జరిపి చూడండి. గోడల వెనక పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేయిస్తే ఎక్కడైనా మేకు కొట్టవచ్చు. ఇవి ఆకర్షణీయమైన విషయాలు కావు, మ్యూజియం నడిచేది వీటి మీదే.

లండన్ టేట్ మోడర్న్ గురించి అందరూ పాత విద్యుత్ కేంద్రాన్ని వాడుకున్న కథ చెబుతారు. 2000లో తెరిచిన ఆ భవనంలో ఆర్కిటెక్టులు హెర్జోగ్, డి మ్యూరాన్ చేసిన గొప్ప నిర్ణయం టర్బైన్ హాలును నింపకుండా వదిలేయడం. 155 మీటర్ల పొడవు, 35 మీటర్ల ఎత్తు, దాదాపు ఖాళీ. పడమటి నుంచి వెడల్పాటి ర్యాంపు నేరుగా అందులోకి దిగుతుంది. కళాకారుడు ఓలఫర్ ఎలియాసన్ 2003లో అక్కడ కృత్రిమ సూర్యుణ్ణి వెలిగిస్తే జనం నేల మీద పడుకుని చూశారు. 2007లో డోరిస్ సాల్సెడో ఏకంగా నేలను పొడుగునా చీల్చింది. నేలను చీలుస్తానంటే సరే అనగల భవనం ఎన్నిచోట్ల ఉంది? మీ డిజైన్‌లో ఒక్క గదైనా అలా పాడుచేసుకోవడానికి వదలండి.

కళాకృతులు దాచే స్టోరు మాటకొస్తే, మీ డిజైన్‌లో దాన్ని బేస్‌మెంటులో పెట్టారు. తీసేయండి. న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియం కొత్త భవనం కడుతుండగా 2012లో శాండీ తుపాను వచ్చి నది నీరు సైట్‌లోకి చేరింది. కడుతూ కడుతూనే డిజైన్ మార్చి, నీరు చొరని తలుపులు, అవసరమైనప్పుడు నిలబెట్టే వరద గోడ చేర్చారు. మనకు హుద్‌హుద్ తుపాను గుర్తుండే ఉంటుంది, 2014 అక్టోబరు 12. విశాఖ తీరంలో కళాకృతులు నేల కిందనా, సముద్రం వైపు గాజు వెనకనా పెట్టిన డిజైన్‌ను నేను జ్యూరీలో ఉంటే మొదటి ప్రశ్నలోనే ఆపేస్తాను. రోటర్‌డామ్‌లో 2021లో తెరిచిన బోయ్‌మన్స్ డిపో చూడండి. స్టోరునే అద్దాల గిన్నెలా నేల మీద నిలబెట్టి, సందర్శకులను లోపలికి పంపుతున్నారు. గుర్తుండిపోయే ఆకారం కావాలంటున్న మీ గైడ్‌కు చూపించడానికి ఇది మంచి ఉదాహరణ, ఎందుకంటే అక్కడ ఆకారం పనిలోంచి వచ్చింది.

గైడ్‌తో గొడవ పెట్టుకోకండి. వచ్చే రివ్యూకి అలను పక్కన పెట్టి ఒకే ఒక్క గ్యాలరీ సెక్షన్ 1:50లో గీయండి. అందులో జూన్ 21, డిసెంబరు 21 మధ్యాహ్నపు కిరణాలు వేయండి. డిసెంబరులో సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఆ గదిని 1:20లో అట్టతో చేసి, పక్కగోడకు ఫోన్ కెమెరా పట్టేంత రంధ్రం పెట్టి, మేడ మీద ఎండలో ఉదయం తొమ్మిదికి, పన్నెండుకు, సాయంత్రం నాలుగుకు ఫొటోలు తీయండి. ఇప్పటి ఎండ జూన్ ఎండ కాదు కాబట్టి, మోడల్‌ను ఆ తేదీ కోణానికి వంచి కూడా కొన్ని తీయండి. ఆ ఫొటోలు పెద్దవి చేసి గోడకు అతికిస్తే రూపం గురించి చర్చ దానంతటదే మారుతుంది. ఒక్కో గదికి తగిన ఎత్తు, తగిన వెలుతురు గొట్టం ఖాయమయ్యాక పైకప్పు మీద అవన్నీ కలిసి ఎలా కనిపిస్తాయో గీయండి. అల మళ్లీ వస్తే రానివ్వండి, ఈసారి దానికి కారణం ఉంటుంది.

స్థలం కొలతలు, రోడ్డు ఏ వైపు ఉందో, పడమట ఎత్తయిన భవనాలు ఉన్నాయో లేదో మీరు రాయలేదు. అవి ఇక్కడ పెడితే లారీ దారి, మూసిన గది ఎక్కడుండాలో నా ఆలోచన చెబుతాను.